సీతాఫలాల బుట్ట కింద నాన్న చెప్పు

2024 అక్టోబర్ 10, గురువారం. దసరాకి ఇంకా రెండు రోజులుంది. తెల్లారగట్ల నాన్న ఎక్సెల్ బండికి రెండు గోనెసంచులు కట్టుకుని, ఒకదాంట్లో ఆనపకాయలు, ఇంకోదాంట్లో బీరకాయలు వేసుకుని విజయనగరం రైతుబజారుకి బయల్దేరాడు. ఏడున్నరకి నాకు ఫోను వచ్చింది. చేసింది నాన్న కాదు, ఎవరో ఆటో అతను. "మీ నాన్నగారు రోడ్డు మీద పడిపోనారమ్మా, పెద్దాసుపత్రికి తీసుకొస్తన్నాను, బేగి రండి" అన్నాడు.

నేను విజయనగరంలోనే ఒక బట్టల కొట్టులో లెక్కలు రాస్తాను. పావుగంటలో ఆసుపత్రిలో ఉన్నాను. నాన్న బెంచీ మీద కూచుని ఎడమ చేతిని కుడి చేత్తో ఒళ్ళో పట్టుకుని ఉన్నాడు. లుంగీ నిండా దుమ్ము. పెదవి చిట్లింది. ఒక కాలికే చెప్పు ఉంది. "పడిపోయానమ్మా" అన్నాడు. డాక్టరుకీ అదే చెప్పాడు. ఓపీ చీటీ మీద 'బండి మీద నుంచి జారిపడి' అని రాసేశారు. ఆ ఒక్క ముక్క మమ్మల్ని తర్వాత ఎంత తిప్పిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

సాయంత్రం పిన్ని వచ్చి పక్కన కూచుని "ఏటి బావా, నలభయ్యేళ్ళుగా బండి తోలతన్నావు, ఎలా పడ్డావు?" అంటే అప్పుడు ఏడ్చాడు. పడలేదు, కొట్టారు. వెనకనుంచి తెల్లకారు ఒకటి హారను కొట్టుకుంటూ వచ్చిందట. పక్కకి తప్పుకుందామంటే రోడ్డు అంచు తెగిపోయి ఉంది. దాటేటప్పుడు గోనెసంచి కారు అద్దానికి రాసుకుంది. కారు ముందుకెళ్ళి అడ్డంగా ఆగింది. ఇద్దరు దిగారు. ఒకడు కారులోంచి కర్ర తీశాడు. ఆనపకాయలు రోడ్డంతా దొర్లిపోయాయి. వెళ్ళిపోతూ "ఎక్కడైనా సెప్పావో, ఈ రోడ్డు మీద మళ్ళీ కనపడవు" అన్నారు. నాన్నకి 61 ఏళ్ళు. కొడుకు వయసు వాళ్ళ చేత నడిరోడ్డు మీద దెబ్బలు తిన్నానని కూతురికి ఎలా చెప్పుకుంటాడు? అందుకని పడిపోయానన్నాడు.

అది సాలూరు రోడ్డు. పాత లెక్కలో 43, ఇప్పుడు 26 నంబరు జాతీయ రహదారి. ఒడిశా లారీలన్నీ దాని మీదే దిగుతాయి. ఆ జంక్షన్ పేరూ స్టేషన్ పేరూ రాయను. కేసు కోర్టులో ఉంది, చూసినవాళ్ళంతా రోజూ ఆ రోడ్డు మీదే బతకాలి.

మర్నాడు స్టేషన్‌కి వెళ్ళాం. ఓపీ చీటీ చూసి "ఇది యాక్సిడెంట్ కదమ్మా" అన్నారు. నాన్న నోరు విప్పేలోపు ఎవరో పిలిస్తే ఆ ఎస్సై గారు వెళ్ళిపోయారు. దసరా, ఆ తర్వాత విజయనగరం పైడితల్లమ్మ జాతర, 14న తొలేళ్ళు, 15న సిరిమాను. జిల్లాలో పోలీసులంతా బందోబస్తులోనే ఉంటారని మాకు తెలియంది కాదు. పండగయ్యాక రమ్మన్నారు. పైకి రాసుకుందామంటే సోమవారం అర్జీల రోజు, ఆ సోమవారమే తొలేళ్ళు. ఊరంతా గుడి వైపే ఉంది. ఆ ఐదు రోజులూ ఊరికే కూచోకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను.

మొదట దొరికిన సాక్షి మనిషి కాదు, ఎముక. ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే దీపానికి పెట్టి చూసి "ఎలా తగిలింది?" అని అడిగారు. నేను నాన్న వైపు చూశాను. నాన్న నెమ్మదిగా "కొట్టారండి" అన్నాడు. ఆయన తలూపి, కలం మొనతో చూపించారు. ముంజేతిలో రెండెముకలుంటాయి. బండి మీంచి పడితే అరచెయ్యి నేలకి ఆనుతుంది కాబట్టి ఎక్కువగా మణికట్టు దగ్గర విరుగుతుంది. నాన్నకి చిటికెన వేలు వైపు ఎముక సరిగ్గా మధ్యలో విరిగింది, రెండోది చెక్కుచెదరలేదు. దెబ్బ మీద పడుతుంటే ముఖానికి అడ్డం చెయ్యి పెట్టుకున్నవాళ్ళకి ఇలా విరుగుతుందట. పోలీసు లాఠీ పేరు మీదే దానికి ఇంగ్లీషులో నైట్‌స్టిక్ ఫ్రాక్చర్ అని పేరుందన్నారు. "ఎలా పెట్టారు చెయ్యి?" అంటే నాన్న కుడి చెయ్యి ఎత్తి చూపించాడు. ఎడమది కట్టులో ఉంది. నుదుటికి అడ్డంగా, మోచెయ్యి ముందుకి. ఆ భంగిమ నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆయన దెబ్బల సర్టిఫికెట్‌లో ఆ సంగతి రాస్తామన్నారు, ఆసుపత్రిలో ఉండే పోలీసు అవుట్‌పోస్టుకీ కబురు పెట్టారు. దెబ్బలాటలో దెబ్బ తగిలితే మొదటి మాటే నిజం చెప్పాలి. మేం చెప్పలేదు కాబట్టి ఎముక చేత చెప్పించుకోవాల్సి వచ్చింది.

16న ఎఫ్ఐఆర్ కట్టారు. స్టేషన్‌లో కేసు కాయితాలు రాసే రైటర్ గారు పెద్దాయన, హెడ్ కానిస్టేబులు. నోటి నిండా పాత ఐపీసీ సెక్షన్లే, 324, 325 అంటూ. వెంటనే బల్ల మీద అట్టల పుస్తకం తిప్పుకుని "జూలై 1 నుంచి నెంబర్లన్నీ మారిపోనాయమ్మా" అని సరిచేసుకునేవారు. దారి అడ్డగించినందుకు భారతీయ న్యాయ సంహిత 126(2), ఎముక విరిగింది కాబట్టి 117(2), బెదిరింపుకి 351. ఎముక విరగడం ఎంత పెద్ద తేడానో అప్పుడే తెలిసింది. మామూలు దెబ్బ అయితే 115(2), ఏడాది దాకా శిక్ష. దానొక్కదానికీ మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలెట్టలేరు. ఎముక విరిగితే ఏడేళ్ళ దాకా పడుతుంది. ఎఫ్ఐఆర్ కాపీ డబ్బులు తీసుకోకుండా ఇచ్చారు, ఇవ్వాలి కూడా. "సాక్షులెవరైనా ఉంటే పేర్లు తెచ్చుకోండి, మేమూ చూస్తాం" అన్నారు. చూడరని కాదు. కానీ ఆ స్టేషన్‌లో అప్పుడున్న మనుషులెంతమందో లెక్కపెట్టి నేనే తిరగాలనుకున్నాను.

అప్పటికే మూడు పొద్దులు ఆ జంక్షన్‌కి వెళ్ళొచ్చాను. తప్పంతా అడగడంలోనే చేశాను. టీ బడ్డీ అతని దగ్గరికెళ్ళి "మీరు సాక్ష్యం చెప్తారా?" అన్నాను. అతను గ్లాసులు కడుగుతూనే "నాను అప్పుడు లోపలున్నానమ్మా" అన్నాడు. బడ్డీకి లోపలంటూ ఏదీ లేదు, నాలుగు కర్రలు, ఒక రేకు. పంచరు కుర్రాడు "మాకెందుకండి గొడవ" అన్నాడు. మొదట కోపం వచ్చింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే, నేనడిగింది వాళ్ళు చూసింది కాదు, వాళ్ళ కూలి రోజులు. సాక్ష్యం అనగానే వాళ్ళకి కనపడేది కోర్టు వరండా, వాయిదా, మూసేసిన బడ్డీ, ఏదో రోజు మళ్ళీ వచ్చి ఆగే ఆ తెల్లకారు. తర్వాత వెళ్ళినప్పుడు టీ తాగి, "ఆ రోజు ఆనపకాయలు ఎవరు ఏరారో తెలుసా అన్నా?" అని మాత్రం అడిగాను. అతను కాసేపు ఊరుకుని "సీతాపళాలామె ఏరింది. రోజూ రాదు, సంతలు తిరుగుతాది. గురువారం రండి" అన్నాడు. అతను ఈరోజుకీ సాక్షి కాదు. అయినా ఆ ఒక్క మాట చెప్పినందుకు అతనికి నేను రుణపడి ఉన్నాను.

నోటీసు కూడా రాసి బస్సు షెల్టరులో, బడ్డీ గుంజకి అంటించాను. 'అక్టోబర్ 10 గురువారం ఉదయం ఆరున్నర, ఏడు మధ్య ఈ చోట ఎక్సెల్ బండి మీద కూరగాయలు తీసుకెళ్తున్న పెద్దాయనకి జరిగింది చూసినవాళ్ళు దయచేసి ఫోను చెయ్యండి' అని, కింద నాదీ తమ్ముడిదీ నంబర్లు. కొట్టారని గానీ, కారని గానీ, రంగు గానీ రాయలేదు. నాన్నకి కారు నంబరులో మూడంకెలు గుర్తున్నాయి, అవీ రాయలేదు. చూసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తెల్లకారు అనాలి. మేం రాసింది చదివి చెప్తే రేపు అవతలి లాయరు 'నోటీసు చూసి చెప్పారు' అంటాడు. ఈ మాట మా కొట్టు యజమాని చెప్పారు, ఆయన భూమి కేసులో పదేళ్ళు తిరిగిన మనిషి.

ఆ నోటీసుకి రెండు ఫోన్లొచ్చాయి. ఒకడు తన దగ్గర వీడియో ఉందనీ ఐదు వేలిస్తే పంపిస్తాననీ అన్నాడు. హైదరాబాదులో ఉన్న తమ్ముడు వెంటనే పంపించేద్దామన్నాడు. ముందు ఒక్క ఫోటో పెట్టమంటే పెట్టలేదు. నంబరు రైటర్ గారికిచ్చాను. ఆ తర్వాత ఆ ఫోను మోగలేదు. నిజంగానే బస్సులో ఎవరో కాలేజీ కుర్రాడు తీసి స్టేటస్‌లో పెట్టాడని విన్నాం గానీ, స్టేటస్ ఒక రోజుకి పోతుంది, ఆ కుర్రాడెవరో ఇప్పటికీ తెలీదు.

రెండో ఫోను ఆర్టీసీ కండక్టరుది. ఆ పొద్దుట సాలూరు వైపు నుంచి వచ్చే బస్సు ఆయనదే. కారు అడ్డంగా ఉండడంతో బస్సు ఆగిపోయిందట. ఆయన దిగి అరిస్తే కారు కదిలింది. దెబ్బ పడడం చూశారు గానీ ముఖాలు చూడలేదు. నంబరూ చూడలేదు. నాకు కొంచెం నీరసం వచ్చింది. అంతలో ఆయనే "టైం కావాలా మీకు?" అన్నారు. ఆ గందరగోళంలోనే ఇద్దరు ఎక్కితే వాళ్ళకి టికెట్ కొట్టారట. మెషీన్లో కొట్టిన ప్రతి టికెట్‌కీ స్టేజీ, టైం ఉంటాయి, డిపోలో అడిగితే తీసిస్తారు. 6 గంటల 41 నిమిషాలు. ఆ అంకె ఎంత విలువైనదో వారం తర్వాత తెలిసింది.

17, గురువారం. పిన్నిని వెంటబెట్టుకుని ఆరింటికే వెళ్ళాను. మర్రిచెట్టు కింద నిజంగానే ఒకామె కూచుని ఉంది. ఎదురుగా రెండు వెదురు బుట్టలు, పైన ఆకులు కప్పిన సీతాఫలాలు. యాభై దాటి ఉంటాయి. కొండ మీది పల్లె నుంచి రాత్రే బయల్దేరి, కాయలు మోసుకుంటూ రోడ్డుకి దిగి, మొదటి ఆటో పట్టుకుని వస్తుందట. నేనేమీ అడక్కముందే నా ముఖం చూసి "ఓలమ్మ, ఆ ముసిలాయన కూతురివా?" అంది. నాన్న పోలిక నాకు బాగానే ఉంది. బుట్టల పక్కన పరిచిన గోనె ఎత్తి, అడుగునుంచి పాలిథీన్ కవరులో చుట్టింది తీసింది. నాన్న చెప్పు. కుడి కాలిది. తోలు పట్టీ తెగితే నాన్నే రాగితీగతో కుట్టుకున్న చెప్పు. "ఒగ్గేసి ఎల్లిపోనాడు. ఎవరో ఒకరు రాకపోతారా అని అట్టేపెట్టినాను. కాయలు మాత్రం ఉంచలేదమ్మా, కుళ్ళిపోతాయని పంచేసినాను" అంది. పిన్ని అక్కడే కూలబడి ఏడ్చింది.

సాక్ష్యం చెప్తావా అని అడగలేదు. "ఏం చూశావు పెద్దమ్మా?" అన్నాను. తాపీగా, కాయలు తిప్పి పెట్టుకుంటూ చెప్పింది. కారు తెల్లది. వెనక దీపం ఒకటి పగిలి ఎర్ర కాయితం అంటించి ఉంది. తోలినోడు సన్నగా పొడుగ్గా ఉన్నాడు, దిగి కారు తలుపు పట్టుకునే నిలబడ్డాడు. కర్ర తెచ్చినోడు రెండోవాడు, బొద్దుగా ఉంటాడు, వాడే కొట్టాడు. "సిన్నోడు ఒద్దురా ఒద్దురా అన్నాడు, ఆడి తప్పు కాదు" అని కూడా అంది. మా మనిషిని కొట్టినవాళ్ళలో ఒకడి తరఫున కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పిందంటే, ఆమె మాటకి అంతకంటే ఏం కావాలి?

నా ఫోనులో ఏ ఫోటో ఉన్నా అప్పుడే చూపించేసేదాన్ని. అదృష్టం కొద్దీ అప్పటికి లేదు. ఆ సాయంత్రం రైటర్ గారు అడిగిన మొదటి ప్రశ్నే "ఏదైనా ఫోటో చూపించీసినావా?" అని. రేపు ఆమె మనిషిని చూసి గుర్తుపట్టాల్సి వస్తే, ముందే ఫోటో చూపించి ఉంటే ఆ గుర్తుపట్టడానికి విలువుండదట.

మర్నాడు, జంక్షన్ దాటి రెండు కిలోమీటర్ల మీద ఒక రైస్‌మిల్లు గేటుకి కెమెరా చూశాను. అంతకుముందు ఆరుసార్లు ఆ గేటు ముందునుంచే వెళ్ళాను, తల పైకెత్తలేదంతే. మిల్లు గుమస్తా మంచివాడు. "పదిహేను రోజులే ఉంటాది, ఆ మీద దాన్నే చెరిపేసుకుంటాది" అన్నాడు. అంటే ఇంకో వారం. 10వ తేదీ పెట్టి 6.41 తర్వాత చూస్తే ఏమీ లేదు, లారీలు, బస్సు. గుండె జారిపోయింది. అప్పుడు గుమస్తాయే మానిటరు మూల గడియారం చూసి, నా ఫోను చూసి "ఇది ఇరవై రెండు నిమిషాలు ముందుంది" అన్నాడు. 7.05 దగ్గర పెట్టాం. తెల్లకారు, వెనక కుడి దీపానికి ఎర్ర కాయితం. నంబరు పూర్తిగా కనపడుతోంది. నాన్న చెప్పిన మూడంకెల్లో రెండు సరిపోయాయి, ఒకటి తప్పు.

కండక్టరు టికెట్ టైం లేకపోతే అది వేరే పూట వెళ్ళిన కారు అనేవాళ్ళు. గడియారాల తేడా ఒక కాయితం మీద రాసి, తేదీ వేసి, ఇద్దరం సంతకాలు పెట్టాం. నేను మానిటరుని ఫోనుతో తీసుకున్నాను గానీ, అది మా గుర్తుకే, కోర్టుకి పనికిరాదన్నారు. కెమెరా బొమ్మలు దాచుకునే డీవీఆర్ పెట్టె గానీ, దాన్నుంచి తీసిన కాపీ గానీ, సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్‌తో ఉండాలి. నేనడిగితే మిల్లు వాళ్ళు ఇవ్వరు, ఇవ్వనక్కర్లేదు. పోలీసులు భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద నోటీసు ఇస్తే ఇవ్వాలి. ఆ నోటీసు కోసం నాలుగు రోజులు రోజూ స్టేషన్‌కి వెళ్ళి రైటర్ గారి బల్ల ముందు నిలబడ్డాను. ఏమీ అనలేదు, 'రోజులు అయిపోతున్నాయండి' అని మాత్రం. 22న నోటీసు వెళ్ళింది. మూడు రోజులు ఆలస్యమైతే చెరిగిపోయేది.

ఇక కారు ఎవరిదన్న సంగతి. పాత బండయితే నంబరు చూస్తే జిల్లా తెలిసేది. 30 శ్రీకాకుళం, 35 విజయనగరం, 31 విశాఖ. 2019 నుంచి కొత్త బళ్ళకి రాష్ట్రమంతా ఏపీ 39 మొదలుపెట్టారు కాబట్టి నంబరు చూసి ఊరు చెప్పే రోజులు పోయాయి. ఈ కారుదీ 39. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఏ కంపెనీ కారు, ఎప్పుడు రిజిస్టరయింది, ఏ రవాణా ఆఫీసులో, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా, అన్నీ వచ్చాయి. ఓనరు పేరు మాత్రం మధ్యమధ్య అక్షరాల బదులు చుక్కలు. అడ్రసు రాదు. రిజిస్టరయింది శ్రీకాకుళంలో.

తమ్ముడు ఆ చుక్కల్ని పూరించే పనిలో పడ్డాడు. రెండు రాత్రులు కూచుని ఫేస్‌బుక్‌లో ఒక మనిషిని పట్టాడు, ఊరు, ఫోటో, కారు పక్కన నిలబడ్డ ఫోటో కూడా. 'వీడే మా నాన్నని కొట్టింది' అని పెట్టేస్తానన్నాడు. నేను వద్దన్నాను. ఎందుకంటే ఆ ఫోటోలో మనిషికి అరవై దాటాయి. సీతాఫలాలామె చెప్పింది ఇద్దరు కుర్రాళ్ళని. ఫోనులో ఇద్దరం అరుచుకున్నాం. "నాన్న చెయ్యి విరిగితే నీకు నెప్పి లేదా అక్కా?" అన్నాడు. ఆ మాట చాలా రోజులు మనసులో ఉండిపోయింది.

పోలీసులు రవాణా శాఖ నుంచి అడ్రసు తెప్పించి ఫోను చేస్తే, ఆ పెద్దాయన మర్నాడే శ్రీకాకుళం జిల్లా నుంచి బస్సెక్కి వచ్చారు. రిటైరైన ఉద్యోగి. చేతిలో ప్లాస్టిక్ కవరు. కారు ఫిబ్రవరిలోనే అమ్మేశారు. వంద రూపాయల స్టాంపు కాయితం మీద ఒప్పందం, కొన్న మనిషి ఆధార్ జిరాక్సు, పేరు మార్పు కోసం సంతకం పెట్టిన 29, 30 ఫారాల కాపీలు అన్నీ ఉంచుకున్నారు. చెయ్యనిదల్లా ఒకటే. అమ్మిన 14 రోజుల్లో రవాణా ఆఫీసుకి తెలియజెయ్యాలి, చెయ్యలేదు. 'కొన్నవాళ్ళే మార్పించుకుంటామన్నారు' అని అలా వదిలేశారు. పేరు మారనంతకాలం కాయితాల్లో ఓనరు ఆయనే. నాన్న కూడా ఆ రోజు స్టేషన్‌లో ఉన్నాడు. ఆ పెద్దాయన నాన్న సిమెంటు కట్టు చూసి, లేచి దగ్గరికొచ్చి, "కారు నాదే బాబూ, నాను కాదు" అని రెండు చేతులూ జోడించారు. నాన్న కుడి చేత్తో ఆయన్ని పక్కన కూచోబెట్టుకుని టీ తెప్పించాడు. తమ్ముడికి ఆ సాయంత్రం ఫోనులో ఈ సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ పోస్టు పెట్టనందుకు బతికిపోయాం" అన్నాడు.

ఆయన దగ్గర ఇంకోటి కూడా ఉంది, అది ముఖ్యమైందని ఆయనకే తెలీదు. కారుకి అంటించిన ఫాస్టాగ్ తీసేయకుండానే అమ్మేశారు. కొన్నవాళ్ళు దాన్నే రీచార్జి చేసుకుంటూ వాడుకుంటున్నారు. మెసేజీలు మాత్రం ఈయన ఫోనుకే వస్తాయి. చెరపడం రాక అన్నీ అలాగే ఉంచారు. రైటర్ గారు వేలితో పైకి జరుపుకుంటూ వెళ్తే, అక్టోబర్ 9 రాత్రి నాతవలస టోల్‌గేటులో డబ్బు కోసినట్టు, అంతకు రెండు రోజుల ముందు ఎవరో రీచార్జి చేసినట్టు ఉంది. కొన్నది విశాఖలో పాత కార్లు అమ్మే మనిషి, అతని దగ్గర్నుంచి ఇంకొకరు, ఆయన దగ్గర్నుంచి మూడో మనిషి. ఎవరూ పేరు మార్పించుకోలేదు. ఆ రీచార్జి కట్టిన ఫోను పట్టుకుని పోలీసులు మూడో మనిషి దగ్గరికెళ్ళారు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. కారు దొరికితే మనిషి దొరికినట్టు కాదు. 'కారు నాదే, ఆ రోజు ఫ్రెండ్స్ తీసుకెళ్ళారు' అన్నాడట. ఫ్రెండ్స్ ఎవరంటే రెండు రోజులకో పేరు. చివరికి ఇద్దరి పేర్లు తేలాయి. ఏడేళ్ళ దాకా శిక్ష పడే కేసుల్లో మామూలుగా వెంటనే అరెస్టు ఉండదు, అదే సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇచ్చి పిలిపిస్తారు. వాళ్ళు నోటీసు తీసుకుని ఇంటికెళ్ళిపోయారంటే అమ్మ రెండు పూటలు అన్నం తినలేదు. ఆ సమయంలోనే అర్థమైంది, కెమెరాలో కారే ఉంది, టికెట్‌లో టైమే ఉంది, ఎముకలో కర్ర ఉంది. కర్ర పట్టుకున్న ముఖం చూసింది, నాన్న కాకుండా, ఒక్క సీతాఫలాలామే.

ఆమె వాంగ్మూలానికి భయపడింది మేమే. స్టేషన్‌కి రమ్మంటే రాదేమోనని. రైటర్ గారే "ఆడమనిషి సాక్షిని స్టేషన్‌కి రమ్మనకూడదమ్మా, మనమే ఎల్లాలి" అన్నారు. సురక్షా సంహిత 179వ సెక్షన్‌లో ఉందట. 60 దాటిన మగవాళ్ళకీ అంతే. నవంబర్ మొదటి వారంలో ఎస్సై గారు, మహిళా కానిస్టేబులు ఆమె ఊరికే వెళ్ళారు. దారి చూపించడానికి నేను కింద రోడ్డు దాకా వెళ్ళాను, పైకి రానివ్వలేదు, రాకపోవడమే మంచిదన్నారు. ఆమె మొదట అడిగింది "ఏలిముద్ర ఎయ్యాలా?" అనట. షావుకారు కాయితం మీద ఒకసారి వేలిముద్ర వేసి ఎకరం పోగొట్టుకుంది. పోలీసులకి చెప్పిన వాంగ్మూలం మీద సాక్షి సంతకం గానీ వేలిముద్ర గానీ అక్కర్లేదని, చట్టమే వద్దంటుందని చెబితే అప్పుడు కూచుని మొదలుపెట్టిందట. కానిస్టేబులమ్మాయి దిగొచ్చాక నాతో అంది, "కాయితం సదివి వినిపిస్తే, రెండు సోట్ల 'నాను అలా అనలేదు' అని దిద్దించిందండి."

90 రోజుల్లో దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకి చెప్పాలని కొత్త చట్టంలో ఉంది. మాకు నాన్న ఫోనుకి మెసేజి వచ్చింది. ఛార్జిషీటు వేశారు. సాక్షుల జాబితాలో నాన్న ఎల్‌డబ్ల్యూ 1, అంటే ఒకటో సాక్షి, కండక్టరు గారు 3, ఆమె 4, మిల్లు గుమస్తా 5. ఎముకల డాక్టరు గారూ ఉన్నారు. చూసింది అంతమందైనా, పేరిచ్చింది ఇంతమందే.

నాన్న చెయ్యి అతుక్కుంది. పూర్తిగా తిరగదు. ఎక్సెల్ బండి మళ్ళీ తీశాడు గానీ బరువు ఒక సంచికి తగ్గించాడు. ఆ రాగితీగ చెప్పు వేసుకుంటున్నాడు, రెండోదాంతో కలిపి.

మళ్ళీ అక్టోబర్ వచ్చింది. ఒక గురువారం నేనూ నాన్నా ఆ చెట్టు దగ్గర ఆగాం. ఆమె నాన్న చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "కోరటు ఎప్పుడమ్మా?" అంది. ఇంకా సాక్షులని పిలవలేదు, పిలిస్తే సమను వస్తుంది, రానూ పోనూ ఖర్చులు కోర్టు ఇప్పించే వీలుంది, నేను వచ్చి తీసుకెళ్తాను అని చెప్పాను. "వత్తాను. సూసినదేదో సెప్తాను. సీతాపళాల కాలంలో మాత్రం ఎట్టొద్దని సెప్పమ్మా, ఏడాదికీ ఈ రెండు నెలలే నాకు" అంది. రైటర్ గారికి చెప్తానన్నాను. పది కాయలకి డబ్బులిస్తే లెక్కపెట్టుకుని, బుట్టలో వెతికి, కళ్ళు విచ్చిన పెద్దకాయ ఒకటి తీసి నాన్న చేతిలో పెట్టింది, ఎడమ చేతిలో.

"ఇది ఇయ్యాల కొయ్యకు బావూ. రేపటికి పండుతాది."